మాట్లాడే మనిషిని తోల్కరా

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. బస్సు ఆగకపోతే కోపం, ఆగితే ఇంతసేపు ఎందుకు ఆగిందని కోపం. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ పొద్దస్తమానం మిరపకాయ బజ్జీలే తిన్నదని మా పెద్దమ్మ అందరికీ చెప్పేది (శుద్ధ అబద్ధం, మా అమ్మకి బజ్జీల వాసనే పడదు). ఆ కోపాల్లో చాలావాటిని తలుచుకుని ఇప్పుడు నేనే నవ్వుకుంటాను. కానీ ఒక్క కోపం మాత్రం ఇప్పటికీ నాకు న్యాయంగానే కనిపిస్తుంది. అది నాంపల్లిలో నేనుండే పోర్షన్ ఖాళీ చేసేటప్పుడు వచ్చిన కోపం. ఇల్లు ఖాళీ చేయడం ఎవరైనా చేస్తారు. ఖాళీ చేస్తున్నాను, కరెంటూ నీళ్లూ ఇక నాకొద్దు అన్న మాటని ఇంటాయన చెవికి ఎక్కించడానికి నేను పడ్డ తిప్పలు మాత్రం పగవాళ్లకి కూడా వద్దు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా నాన్న మెదక్ అవతల మిషన్ బడిలో లెక్కల సారు. నేను కళ్లు పరీక్ష చేసే కోర్సు చదివి అబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల షాపులో చేరాను. ఆ షాపు వెనక చీకటి గదిలో నాదే రాజ్యం. పెద్ద పెద్ద ఆఫీసర్లు నా ముందు గడ్డం ఆనించి కూర్చుని, మూయమంటే కన్ను మూసేవాళ్లు, తెరవమంటే తెరిచేవాళ్లు, కింది వరస చదవమంటే ఒకటో తరగతి పిల్లల్లా భయంభయంగా చదివేవాళ్లు. సాయంత్రం నాంపల్లి స్టేషన్ వెనక సందులోకి తిరిగానో లేదో ఆ రాజ్యం కాస్తా పోయేది. అక్కడ ఒక పాత మేడలో కింద పోర్షన్ నాది. పైన ఇంటాయన, ఇంటావిడ ఉండేవాళ్లు. ఆయన ఏదో సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. సందులో అందరూ పెద్దసారు అనేవాళ్లు. ఆవిడని అమ్మగారు అనేవాళ్లం. ఆవిడ గొంతు రెండేళ్లలో నేను సరిగ్గా విన్నది లేదు. తలుపు తెర వెనక నుంచి గాజుల చేయి ఒకటి వచ్చి చాయ్ గ్లాసు పెట్టి వెళ్లేది, అంతవరకే నాకు తెలుసు.

షాపు వాళ్లు హిమాయత్‌నగర్‌లో ఇంకో షాపు తెరిచి నన్ను దానికి ఇన్‌చార్జిని చేశారు. నా కింద ముగ్గురు మనుషులు. ఆ షాపుకి నడిచి వెళ్లేంత దూరంలో నాకొక గది దొరికింది. దానికి వేపచెట్టు వైపు తెరుచుకునే కిటికీ ఉంది. నాంపల్లిలో నా కిటికీ పక్కింటి వాళ్ల గోడ వైపు తెరుచుకునేది, కాబట్టి ఆ వేపచెట్టు చూడగానే నాకు మతి పోయింది. ఆ ఇంటి మేడం పద్ధతైన మనిషి. అంతకుముందు ఎవరో అద్దెకొచ్చిన వాళ్లు పాత ఇంట్లో కరెంటు గొడవలు తెంచుకోకుండా వచ్చి ఆవిడకి తలనొప్పి తెచ్చారట. అందుకని ఒకటే షరతు పెట్టింది. "మీ పాత ఓనర్‌తో ఒక్కసారి ఫోన్ చేయించమ్మా. కరెంటు, నీళ్లు అన్నీ తెగిపోయాయి అంటే చాలు, తాళం ఇచ్చేస్తాను. ఆదివారం దీపాలు పెట్టే వేళ దాకా చూస్తాను. తర్వాత వేరేవాళ్లు రెడీగా ఉన్నారు." ఒక్క ఫోనే కదా, అదెంత పని అనుకున్నాను.

మర్నాడే పైకి వెళ్లాను. పెద్దసారు వరండాలో కుర్చీలో కూర్చుని కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు.

"సార్, నేను ఆదివారం ఖాళీ చేస్తున్న. ఆ దినం మీటర్ రీడింగ్ చూసుకుందాం. ఆ తర్వాత కరెంటు, నీళ్లు నా లెక్కల ఉండవు. నెట్ కనెక్షన్ గూడ తీయిస్తున్న" అన్నాను. ముందే అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసుకున్న మాటలు అవి.

ఆయన నూనె గిన్నె పక్కన పెట్టి ఎంతో ఆప్యాయంగా నవ్వారు. "మంచిది బిడ్డా. మీ నాయినను తోల్కరా."

"మా నాయిన ఎందుకు సార్?"

"మాట్లాడాలె గద."

"నేను మాట్లాడుతున్న గద సార్."

"నువ్వు చెప్తున్నవ్ బిడ్డా. మాట్లాడే మనిషిని తోల్కరా. నాయిన గాకపోతే అన్న, అన్న లేకుంటే బాబాయి, ఎవరో ఒక మగమనిషి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఓపిక పట్టి, కరెంటు వాడేది నేను, బిల్లు కట్టేది నేను, మధ్యలో మా బాబాయి ఎందుకు అని అడిగాను.

"కరెంటు వాడుడు వేరు బిడ్డా, బంద్ చేసుడు వేరు. నీ మాట మీద బంద్ చేస్తి అనుకో. రేపు మీ వాళ్లొచ్చి, మా పిల్లను చీకట్ల కూసోబెట్టిన్రు అంటే జవాబెవరిది? ముప్పై ఏండ్లు నౌకరి చేసిన. ఒక్క పని గూడ నోటిమాట మీద చేయలే. నారాజ్ గాకు. చాయ్ తాగి పో."

ఆ చాయ్ తాగకుండా కిందికి వచ్చేశాను. వచ్చి తలుపు ధడాలున వేద్దామని చూశాను. ఆ తలుపు వానలకి ఉబ్బి చాలా ఏళ్లయింది. దాన్ని రెండు చేతులతో పైకెత్తి, మోకాలితో తోసి, మెల్లగా గడపలో కూర్చోబెడితే తప్ప పడదు. కోపంగా ఉన్న మనిషికి దేవుడు అలాంటి తలుపు ఇవ్వకూడదు. దాన్ని మూసేసరికి సగం కోపం ఆయాసంగా మారిపోయి, మిగతా సగం తలుపు మీదకి మళ్లింది.

నాన్నకి ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది. ఆయన పాపం వెంటనే ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సు ఎక్కేవాడే. అందుకే చేయలేదు. ఆఫీసర్ల చేత కళ్లు మూయించి తెరిపించేదాన్ని, ముగ్గురికి ఇన్‌చార్జిని, స్విచ్చి ఆపుకోవడానికి మా నాన్న సెలవు పెట్టి రావాలా? ఆ గది పోయినా సరే, నాన్నని పిలిచేది లేదని ఆ రాత్రి తలుపుకి చెప్పాను (వినేది అదొక్కటే ఉంది కదా).

ఆ వారమంతా ఉడికిపోతూనే ఉన్నాను. నెట్ వైరు తీయడానికి మనిషిని రమ్మని కబురు పెట్టాను. వైరు పెద్దసారు మిద్దె మీదుగా వచ్చేది. నేను షాపు నుంచి వచ్చేసరికి ఆ మనిషి వచ్చి వెళ్లిపోయాడు, వైరు మాత్రం అక్కడే వేలాడుతోంది. పైకెళ్లి అడిగితే పెద్దసారు, "పాపం ఎండల వచ్చిండు. చాయ్ తాపిచ్చి పంపిచ్చిన. పిల్ల ఇంటి మనిషి వచ్చినంక రమ్మన్న" అన్నారు. ఆ మాటని ఎంత మర్యాదగా అన్నారో చెప్పలేను. ఆయన ఒక్కసారి కసురుకుని ఉంటే నేనూ నాలుగు కడిగేసి హాయిగా ఉండేదాన్ని. ఆ మనిషి కసరడు, గొంతు పెంచడు, మాటకి ముందు బిడ్డా, మాట చివర బిడ్డా. తిట్టడానికి చోటివ్వని మనిషి మీద వచ్చే కోపం ఉంది చూశారూ, అది కడుపులోనే పడి మాడుతుంది.

శనివారం రాత్రికి నాకొక పాడు ఆలోచన వచ్చింది. మగమనిషి కావాలి, అంతే కదా? ఏ మగమనిషి అని ఆయన చెప్పలేదు కదా?

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. అక్కడ మూసి ఉన్న ఒక బట్టల షాపు ముందు నాకు తెలిసిన పెద్దాయన ఒకరు కూర్చునేవాడు. ఆయన దగ్గర నేను డిటెక్టివ్ నవలలు కొని, చదివి, మళ్లీ ఆయనకే అమ్మేదాన్ని. తెల్ల మీసాలు, నిండైన విగ్రహం, చూస్తే నలుగురు లేచి కుర్చీ ఇచ్చేట్టు ఉంటాడు. పుస్తకాల మామ అని పిలిచేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వెళ్లి సంగతంతా చెప్పి, నా మేనమామగా వచ్చి మాట్లాడమన్నాను.

"నువ్వేం ఫికర్ చేయకు" అన్నాడు మామ. "మేనమామనే గద? నాకు ముగ్గురు మేనకోడండ్లున్నరు. ఎట్ల మాట్లాడాలెనో నాకు ఎరుకే."

"ఎక్కువ మాట్లాడకు మామా. రెండే మాటలు. పిల్ల ఖాళీ చేస్తున్నది. ఇయ్యాల్టి సంది కరెంటు, నీళ్లు బంద్. గంతే చెప్పి లేవాలె."

మామ దుకాణం పక్కవాడికి అప్పజెప్పి, జేబు దువ్వెనతో మీసాలు దువ్వుకుని నాతో బయల్దేరాడు. దారిలో ఆ రెండు మాటలూ నాకు వినిపించేట్టు వల్లె వేస్తూ నడిచాడు. నేను అప్పటికే సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కించి ఉంచాను. ఇక పైకెళ్లి రావడమే తరవాయి.

మా మేనమామ అని చెప్పగానే పెద్దసారు లేచి నిలబడ్డారు. నన్ను చూసి రెండేళ్లలో ఆయన ఎన్నడూ లేచింది లేదు. "రాండ్రి రాండ్రి, కూసోండ్రి. ఇగో, చాయ్ పంపియ్యి" అని లోపలికి కేకేశారు. గాజుల చేయి వచ్చి రెండు గ్లాసులు, బిస్కెట్ల ప్లేటు పెట్టి వెళ్లింది. ఆ గ్లాసులు ఇద్దరికి. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

"మీది ఏ ఊరు?" అని మొదలైంది. ఏ ఊరు, ఎందరు పిల్లలు, షుగరు ఉందా, ఉంటే ఏ గోలీ వేసుకుంటున్నారు. మామ బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ అన్నిటికీ జవాబులు చెప్పాడు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులున్నాయని తేలింది. ఇక చెప్పాలా? ఏ నూనె మంచిది, ఏ దవాఖానలో ఏ డాక్టరు మంచోడు, మెట్లు దిగేటప్పుడు ఎక్కువా ఎక్కేటప్పుడు ఎక్కువా. నేను దగ్గాను. మామ నా వైపు చూసి, గుర్తొచ్చినట్టు గొంతు సవరించుకున్నాడు.

"సారూ, పిల్ల ఖాళీ చేస్తనంటున్నది."

"ఔ. నేను గూడ మీతోటి గదే అడుగుదామనుకున్న" అన్నారు పెద్దసారు. "ఒక్క పిల్లను హిమాయత్‌నగర్ పంపుతున్నరు. గాడ మనోళ్లు ఎవరున్నరు? గీడ రెండేండ్ల సంది మా కండ్ల ముందల ఉన్నది. పొద్దుగూకినంక రాకుంటే నేను గేటు కాడ నిలవడత. గాడ ఎవరు నిలవడతరు, మీరే చెప్పుండ్రి."

మామ బిస్కెట్ చాయ్‌లోనే వదిలేసి ఆలోచనలో పడ్డాడు. డిటెక్టివ్ నవలల్లో ఎవరు మోసం చేస్తారో నాకు ముందే తెలిసిపోయేది, ఇక్కడ తెలియలేదు. ఆయన నా వైపు తిరిగి, పెద్దమనిషి తరహాలో, "బిడ్డా, సారు చెప్పేది గూడ సబబే ఉన్నది. ఇంకొక్క ఏడాది ఉండరాదు? గంతల ఏదన్న మంచి సంబంధం చూసి..." అన్నాడు.

"నువ్వు నా మేనమామవు గాదు" అని అరిచాను.

ఆ అరుపుకి కింద ట్రాలీ ఆటో డ్రైవరు హారన్ కొట్టడం ఆపేశాడు. పెద్దసారు మామని చూశారు, నన్ను చూశారు, మళ్లీ మామని చూశారు.

"మేనమామ గాదా? మరెవరు?"

"అబిడ్స్‌ల పుస్తకాలమ్ముతడు. మీరు మగమనిషి గావాలన్నరు. తోల్కొచ్చిన. ఈయనకు నేనెవరు? నా ఇంటి పేరు గూడ ఈయనకు ఎరుక లేదు. గీ మనిషి నోట్లకెళ్లి వస్తే మీకు మాటైతది. నా నోట్లకెళ్లి వస్తే గాలైతది. రెండేండ్లు గీ ఇంట్ల ఉన్న. నా కరెంటు నేనే వాడుకున్న, నా నీళ్లు నేనే పట్టుకున్న. పోతున్నానన్న ఒక్క మాట చెప్పనీకి నాకు నోరు లేదా సార్?" అన్నాను. అన్నానా, అరిచానా, ఏడ్చానా, మూడూ కలిసిపోయాయి. గొంతు వణకడం నాకే వినిపించి ఇంకా ఒళ్లు మండింది. కోపంలో ఏడుపు రావడం అంత దరిద్రం ఇంకొకటి లేదు, ఎదుటివాళ్లకి మన కోపం కనబడదు, కన్నీళ్లే కనబడతాయి.

పెద్దసారు తల పంకించారు. నిజంగా జాలిపడుతున్న మొహంతో, "చూసినవా బిడ్డా, గిందుకే నేను అసలు మనిషిని తోల్కరమ్మంటి" అన్నారు. మామ కూడా ఔనన్నట్టు తలూపాడు. ఆ తలూపడం చూసి, ఆ చాయ్ గ్లాసు ఎత్తి ఎవరి నెత్తిన పోయాలా అని నేను నిజంగానే ఒక క్షణం బేరీజు వేసుకున్నాను. అప్పటికే పొద్దు వాలుతోంది. హిమాయత్‌నగర్‌లో ఇంకెవరో నా వేపచెట్టు చూసుకోవడానికి తయారవుతున్నారు.

అప్పుడు తలుపు తెర పక్కకి జరిగింది. గాజుల చేతి వెనక మిగతా మనిషి కూడా వచ్చింది. పొట్టి మనిషి, నడుముకి తాళాల గుత్తి, ముక్కుకి ఎర్రరాయి ముక్కుపుడక. చేతిలో మూడో చాయ్ గ్లాసు ఉంది. అది నా చేతిలో పెట్టింది.

"గాయినకు ఏం జెప్పినవో, నాకు జెప్పు" అంది అమ్మగారు.

నాకు అర్థం కాలేదు. "ఏం చెప్పాలె అమ్మా?"

"పోతున్నవ్ గద. గదే. నాకు జెప్పు."

గ్లాసు పట్టుకుని, ముక్కు ఎగబీల్చుకుని, అద్దం ముందు అభ్యాసం చేసిన మాటలే మళ్లీ మొదట్నుంచి చెప్పాను. నేను ఇయ్యాల ఖాళీ చేస్తున్న. మీటర్ రీడింగ్ చూసుకుందాం. ఆ తర్వాత కరెంటు, నీళ్లు నా లెక్కల ఉండవు. నెట్ కనెక్షన్ తీయిస్తున్న. ఆవిడ ఒక్క మాట కూడా మధ్యలో అడ్డు రాకుండా, నా మొహంలోకే చూస్తూ వింది.

"విన్న" అంది.

పెద్దసారు కుర్చీలో కదిలారు. "నువ్వు లోపలికి పో. నీకెరుక లేదు. గామె మాట మీద..."

"ఇల్లు మా అమ్మ నాకిచ్చింది" అంది ఆవిడ, ఆయన వైపు చూడకుండానే. "మీటర్ నా పేరు మీదున్నది. పిల్ల నాకు జెప్పింది, నేను విన్న. ఇగ నడుమ ఎవలొచ్చి మాట్లాడాలె? నలభై ఏండ్ల సంది గీ ఇంట్ల ఎవలొచ్చినా, ఎవలు పోయినా నువ్వే చెప్తవ్, నువ్వే వింటవ్. ఇయ్యాల ఒక్కదినం నేను విన్న. ఏమైతది?"

గొంతు పెద్దది కాదు. కానీ ఆ గొంతులో నా కోపానికి పెద్దక్క లాంటి కోపం ఒకటి ఉందని నాకు తెలిసిపోయింది. నాది వారం రోజుల నాటిది. ఆవిడది ఇంటి పునాదులంత పాతది. పెద్దసారు నూనె గిన్నె కోసం వెతుక్కున్నారు. మామ మెల్లగా లేచి, ఇక సెలవు అన్నట్టు నిలబడ్డాడు.

అమ్మగారు నన్ను వెంటబెట్టుకుని మెట్లు దిగింది. మెట్ల కింద మీటర్ల పెట్టెకి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి ఆవిడ నడుము గుత్తిలోనే ఉంది. పెట్టె తెరిచి, "ఫోటో దీసుకో" అంది. తీసుకున్నాను. ఆవిడ చేయెత్తి నా పోర్షన్ స్విచ్చి కిందికి లాగింది. లోపల నేను ఆపడం మరిచిపోయిన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ ఆగిపోయింది. పక్కనున్న నీళ్ల వాల్వు కూడా తనే తిప్పేసింది. "నెట్ పిలగానికి రేపు మిద్దె తాళం నేను తీస్త" అంది. తర్వాత చేయి చాపింది, ఫోన్ ఇమ్మని.

హిమాయత్‌నగర్ మేడంకి కలిపి ఇచ్చాను. అవతల నుంచి, "సార్ లేరా అండీ, ఒకసారి ఓనర్‌గారికి ఇస్తారా?" అని వినిపించింది.

"సార్ ఉన్నరు. పైన కూసున్నరు" అంది అమ్మగారు. "ఓనర్‌ను నేను. కరెంటు బంద్, నీళ్లు బంద్, అంత సాఫ్. పిల్ల మంచిది. కోపం జర ఎక్కువ. తాళం ఇయ్యుండ్రి."

ట్రాలీ ఆటోలో ముందు సీట్లో కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు, నా దగ్గర ఇంకా బోలెడు కోపం మిగిలిపోయిందని. వారం రోజులు మాటలు పేర్చుకున్నాను, సగం కూడా వాడలేదు. "విన్న" అన్న మనిషి ముందు వాటితో పనేముంది? ఆ మిగిలిన కోపం కొంత డ్రైవరు మీద, కొంత సిగ్నల్ మీద ఖర్చుపెట్టుకుంటూ హిమాయత్‌నగర్ చేరి తాళం తీసుకున్నాను. కిటికీ తెరిచాను. వేపచెట్టు మీద కాకులు గోల చేస్తున్నాయి. వాటి మీద కూడా కాస్త కోపం వచ్చింది.

మామతో రెండు ఆదివారాలు మాట్లాడలేదు. మూడో ఆదివారం వెళితే ఆయన పక్కన ముక్కాలి పీట మీద పెద్దసారు కూర్చుని ఉన్నారు, చేతిలో మోకాళ్ల నొప్పుల మీద పుస్తకం. నన్ను చూసి, "కూసో బిడ్డా" అన్నారు ఎప్పటిలాగే. కూర్చునేది లేదని చెప్పి, నా నవల కొనుక్కుని వచ్చేశాను. మేనకోడలికి తగ్గించి ఇచ్చాడు మామ.

ఇన్నేళ్లకి నా కోపం కూడా బాగా నెమ్మదించింది. రోజూ పొద్దున ఒక చిన్న తెల్లగోలీ దాని సంగతి చూసుకుంటోంది. మొన్నామధ్య మా షాపులో కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయి నా గదిలోకి వచ్చింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, చేతులు బిగించి ఉన్నాయి. వచ్చే నెల నుంచి మానేస్తున్నాను, వేరే చోట చేరుతున్నాను మేడం అంది. మాటలు చెప్పిన తీరు చూస్తే అద్దం ముందు అభ్యాసం చేసుకొచ్చిందని తెలిసిపోతోంది. మీ ఇంట్లోవాళ్లకి చెప్పావా అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, నాలో ఎప్పటి నుంచి కాపురం ఉంటోందో నాకు తెలియదు. గబుక్కున మింగేశాను.

"విన్నాను" అన్నాను.

ఆ పిల్ల బిగించిన చేతులు వదిలేసింది. "అంతేనా మేడం?"

"అంతే."

ఇంకా ఎన్ని మాటలు పేర్చుకుని వచ్చిందో పాపం, మొహం చిన్నబోయింది. బయటికి వెళుతూ తలుపు గట్టిగా వేసింది. మా షాపు తలుపు మంచిది, ధడాలున పడింది. లోపల ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఆ పాటి తలుపు ఉంటే నాంపల్లిలో నేనెంత సుఖపడేదాన్నో.